సంతానలేమిలో పురుషుని పాలు

(గ్రామ ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము సభలలో తరచుగా వినబడునది కాదు. ఇండ్లలో సైతము దీనిని గూర్చి గొంతు తగ్గించియే మాటలాడుకొందురు. కాని దీని పర్యవసానము మాత్రము ఊరందరికిని తెలిసినదే. వివాహమై రెండు మూడేండ్లు గడచినను బిడ్డ కలుగని యింట కోడలికి ప్రశ్నలు మొదలగును. పేరంటములకు ఆమెను పిలుచుటకు సంశయింతురు. మ్రొక్కులు, ఉపవాసములు, చెట్టుమందులు, తాయెత్తులు అన్నియు ఆమె వంతే. ‘గొడ్రాలు’ అను మాట ఊరూర వినబడుచున్నది. పురుషుని గూర్చి అట్టి మాట ఊరి నోట వినబడుట బహు అరుదు. లోపము పురుషునియందు కూడ ఉండవచ్చునను ఆలోచనయే మనకు తోచకుండుటకు ఇది యొక నిదర్శనము. ఆ ఆలోచనను కలిగించుటయే ఈ ప్రసంగము యొక్క ముఖ్యోద్దేశము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన నివేదిక ననుసరించి, ప్రతి ఆరుగురు వయోజనులలో ఇంచుమించుగా ఒకరు తమ జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొనుచున్నారు. ఏ నిరోధక సాధనమును వాడక దంపతులు 12 మాసములు కాపురము చేసినను గర్భము నిలువనిచో దానిని సంతానలేమిగా వైద్యులు పరిగణింతురు. అట్టి జంటలలో సుమారు సగమింట లోపము పురుషునియందు మాత్రమే గాని, ఇరువురియందును గాని కనబడుచున్నది. కావున భార్యను మాత్రమే వైద్యుల చుట్టును, క్షేత్రముల చుట్టును త్రిప్పుట వలన సగము కారణములు పరీక్షకే రాకుండ పోవుచున్నవి. ఆలోగా సంవత్సరములు గడచిపోవును. స్త్రీకి వయస్సు మీరిన కొలది గర్భధారణ కష్టతరమగును గనుక, ఆ పోయిన కాలము తిరిగి రాదు.

బీజమును చూడని రైతు కలడా?

మీలో పెక్కుమంది వ్యవసాయదారులు. నారుమడిలో విత్తనము మొలవనిచో మీరేమి చేయుదురు? మడిని తిట్టి ఊరకుందురా? మిగిలిన విత్తనములనుండి నూరు గింజలు తీసి, తడి గోనెపట్టలో చుట్టి, ఎన్ని మొలచినవో లెక్కింతురు. విత్తనము మంచిదని తేలిన పిమ్మటనే నేలను, నీటిని శంకింతురు. పొలమునందు ఇంత న్యాయముగా నడచుకొను మనము ఇంటిలో మాత్రము ఆ న్యాయమును మరచుచున్నాము.

ఇచ్చట ఒక్క మాట చెప్పవలసియున్నది. పురుషుడు బీజము, స్త్రీ క్షేత్రము అను పోలిక చాల ప్రాచీనమైనది. కాని అది సగమే నిజము. స్త్రీ కేవలము క్షేత్రము కాదు. శిశువు యొక్క ప్రతి కణమునందును 46 క్రోమోసోములు ఉండును. వానిలో 23 తండ్రివి, 23 తల్లివి. తల్లి బీజములో సగమిచ్చి, దానిపై తొమ్మిది నెలలు తన రక్తముతో బిడ్డను పెంచుచున్నది. ఇద్దరి భాగము ఉన్నచోట పరీక్ష కూడ ఇద్దరికిని జరుగుట న్యాయము.

లెక్కకు అందునది, అందనిది

హాలెండు దేశమున డెల్ఫ్ట్ నగరవాసియగు లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు తాను సానపట్టిన భూతద్దముతో 1677లో పురుషుని వీర్యమును పరిశీలించి, తోకలతో ఈదులాడుచున్న సూక్ష్మజీవుల వంటి కణములను చూచెను. అవియే శుక్రకణములు. నేడు వైద్యశాలలలో చేయు వీర్య పరీక్ష ఆ పనినే క్రమపద్ధతిలో చేయుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ఆరవ కూర్పు ననుసరించి, ఒక మిల్లీలీటరు వీర్యమున 1 కోటి 60 లక్షల శుక్రకణములు, వానిలో నూటికి 42 కదలికగలవి, నూటికి 4 సరియైన రూపముగలవి యుండుట కనీసపు హద్దు. ఈ హద్దుకు తక్కువైనంత మాత్రమున సంతానము కలుగదనియు, ఎక్కువైనచో తప్పక కలుగుననియు తలచరాదు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. కొన్ని వారములు గడచిన తరువాత రెండవసారి కూడ చూడవలెను.

ఈ పరీక్షకు మన పురుషులు వెనుదీయుటకు ముఖ్య కారణము సిగ్గు. వీర్యలోపము గలదన్నచో పుంస్త్వమునకే లోపము వచ్చినదని భ్రమపడుదురు. ఇది కేవలము పొరపాటు. దాంపత్య జీవనమునందు ఏ కొరతయు లేని ఆరోగ్యవంతుడైన పురుషుని వీర్యమున శుక్రకణములు బొత్తిగా లేకుండవచ్చును. కంటికి చూడగా వీర్యము మామూలుగానే కనబడును. సూక్ష్మదర్శినికి గాని నిజము తెలియదు. పుంస్త్వము వేరు, సంతాన సామర్థ్యము వేరు. ఒకదానిలోని లోపము రెండవదానికి అవమానము కాజాలదు.

ఇక రెండవ సంగతి. కొందరి విషయమున లెక్క సరిగానే యుండును, కదలికయు బాగుగనే యుండును, భార్యకు చేసిన పరీక్షలలోను దోషము కనబడదు. అయినను గర్భము నిలువదు, లేదా నిలిచి జారిపోవును. చూపునకు నిగనిగలాడు గింజ మొలవకుండుట మీరెరిగినదే. గింజ లోపలి సంగతి పైతొడుగు చెప్పదు. శుక్రకణము లోపలి సంగతిని తెలిసికొనుటకు గత నలువది సంవత్సరములుగా శాస్త్రజ్ఞులు చేయుచున్న కృషిని ఇప్పుడు మనవి చేయుదును.

కాలువయు తూములును

శుక్రకణము యొక్క తల మిల్లీమీటరులో రెండు వందవ వంతు మాత్రమే. అంత చిన్న తలలో సుమారు ఒక మీటరు పొడవుగల డి.ఎన్.ఏ. అను దారము చుట్టబడియున్నది. తండ్రినుండి బిడ్డకు సంక్రమించు జన్యువులన్నియు ఆ దారముమీదనే కలవు. ఇతర కణములలో ఈ దారము హిస్టోనులను మాంసకృత్తుల చుట్టు వదులుగా చుట్టుకొనియుండును. శుక్రకణము తయారగునపుడు హిస్టోనులలో అధికభాగము తొలగి, వాని స్థానమున ప్రొటమీనులు అను వేరు మాంసకృత్తులు చేరి దారమును గట్టిగా బిగించును. దూరప్రయాణమునకు మూట గట్టిగా కట్టుట వంటిదే ఇది. ప్రొటమీనును మొదట కనుగొన్నది స్విట్జర్లాండు దేశీయుడగు మీషర్. ఆయన రైన్ నదిలోని సాల్మన్ చేపల వీర్యము నుండి 1874లో దానిని వేరుచేసెను.

డి.ఎన్.ఏ. యొక్క కట్టడము మారకయే దాని పనితీరు మారుట కలదు. ఈ శాస్త్రమునకు ఎపిజెనెటిక్స్ అని పేరు. ఇంగ్లండు దేశీయుడగు వాడింగ్‌టన్ 1942లో ఈ పేరును ప్రవేశపెట్టెను. మీకు సులభముగా బోధపడుటకు ఒక పోలిక చెప్పెదను. ఊరి కాలువ త్రవ్వబడియున్నది, దాని గట్లు చక్కగానే యున్నవి. అయినను ఏ పొలమునకు నీరు పారవలెనో నిర్ణయించునది తూము తలుపు. తలుపు మూసిన పొలము ఎండును, తెరచిన పొలము తడియును. కాలువ మారలేదు, తలుపు మారినది. అట్లే డి.ఎన్.ఏ.పై కొన్ని నిర్ణీత స్థానములలో మిథైల్ అను చిన్న రసాయన సమూహము అతుకుకొనినచో ఆ ప్రక్కనున్న జన్యువు సాధారణముగా పనిచేయక నిదురించును. అది తొలగినచో మేల్కొనును. మానవుని డి.ఎన్.ఏ.లో ఇట్టి గుర్తు పడదగిన ప్రధాన స్థానములు సుమారు 2 కోట్ల 80 లక్షలు కలవు.

తండ్రి గుర్తులు వేరు, తల్లి గుర్తులు వేరు

బీజకణములు ఏర్పడు తొలిదశలో పాత గుర్తులు దాదాపు అన్నియు చెరిపివేయబడి, పిమ్మట పురుషునియందు పురుషునికి తగినట్లును, స్త్రీయందు స్త్రీకి తగినట్లును క్రొత్తగా వేయబడును. ఈ గుర్తుల యావశ్యకత 1984లో ఎలుకలపై చేసిన ప్రయోగముల వలన స్పష్టమైనది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జినందు అజీమ్ సురానియు ఆయన సహచరులును, అమెరికాలోని ఫిలడెల్ఫియాయందు మెగ్రాత్, సోల్టర్ అనువారును వేరువేరుగా ఈ పని చేసిరి. రెండు భాగములును తల్లివే గాని, రెండును తండ్రివే గాని అయిన పిండములను వారు సిద్ధపరచిరి. లెక్కకు క్రోమోసోములు సరిగా ఉన్నను ఆ పిండములు పూర్తిగా పెరుగలేదు. తల్లి భాగములు మాత్రమే ఉన్నచో మావి సరిగా ఏర్పడలేదు. తండ్రి భాగములు మాత్రమే ఉన్నచో పిండము క్షీణించెను. గర్భమును నిలుపు మావి చక్కగా ఏర్పడుటకు తండ్రి ఇచ్చు జన్యువులు ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది. గర్భస్రావమునకు తల్లిని మాత్రమే నిందించువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

హెచ్-19 అను జన్యువు ప్రక్కన ఒక నియంత్రణ స్థానము కలదు. తండ్రి ప్రతిలో అచ్చట మిథైల్ గుర్తు ఉండవలెను. తల్లి ప్రతిలో ఉండరాదు. శిశువు పెరుగుదలకు తోడ్పడు మరియొక జన్యువు దీనిపై ఆధారపడియున్నది. పోర్చుగల్ దేశమున పోర్టో నగరశాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన పరిశోధనలో, శుక్రకణముల సంఖ్య తక్కువగా ఉన్న పురుషులలో కొందరికి ఈ స్థానమున ఉండవలసిన గుర్తు లోపించినట్లు కనబడెను. మన దేశమున ముంబయి నగరమునందలి జాతీయ పునరుత్పత్తి ఆరోగ్య పరిశోధన సంస్థవారు 2012లో ప్రకటించిన పరిశోధన మరింత ఆలోచింపదగినది. కారణము తెలియకుండ మరల మరల గర్భస్రావము జరుగుచున్న స్త్రీల భర్తలను వారు పరీక్షించిరి. ఆ పురుషుల శుక్రకణముల లెక్క సరిగానే యున్నది. కాని హెచ్-19 స్థానమున గుర్తులు ఉండదగినదానికంటె తక్కువగా నుండెను.

అమెరికాలోని డెట్రాయిట్ నగర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2022లో 379 మంది పురుషుల శుక్రకణములందలి మిథైల్ గుర్తులను చూచి ఆ కణముల ‘జీవవయస్సు’ను అంచనా వేసిరి. పుట్టినతేదీనిబట్టి వయస్సొకటి, కణముల వయస్సొకటిగా ఉండుట కలదని వారు కనుగొనిరి. కణముల వయస్సు మీరిన పురుషుల భార్యలకు, ఆ వయస్సు తక్కువగానున్న వారితో పోల్చిచూడగా, సంవత్సరములోపల గర్భము నిలుచు అవకాశము నూటికి 17 వంతులు తక్కువగా నుండెను. పొగత్రాగువారి కణములు ఎక్కువ వయస్సును చూపెను.

ఇచ్చట జాగ్రత్తగా అర్థము చేసికొనవలసిన విషయమొకటి కలదు. రెండు సంగతులు కలసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని నిశ్చయింపరాదు. గుర్తుల లోపము వలన సంతానలేమి కలిగినదా, లేక శుక్రకణముల తయారీలోని వేరొక దోషమే రెంటికిని మూలమా అను ప్రశ్న ఇంకను పరిశోధనలోనే యున్నది. కావున ఈ గుర్తుల పరీక్ష నేటికి సామాన్య వైద్యమున అవసరమైన పరీక్ష కాదు. దాని పేరు చెప్పి ఎవరైనను పెద్దమొత్తము అడిగినచో తొందరపడి ఇయ్యకుడు.

మూడు మాసముల పంట

ఇంతవరకు చెప్పినదానిలో నిరాశపడవలసినది లేదు. శుక్రకణము పుట్టి పక్వమగుటకు సుమారు 74 దినములు పట్టును. పిదప అది నాళములలో ముదిరి బయటికి వచ్చుటకు మరి కొన్ని దినములు కావలెను. అనగా ఇది మూడు మాసముల పంట. నేటి అలవాటు యొక్క ఫలము మూడు మాసములకు కనబడును. చెడు అలవాటును నేడు మానినచో క్రొత్తపంట మెరుగుగా వచ్చుటకు అవకాశము కలదు. కోపెన్‌హేగన్ శాస్త్రజ్ఞులు 2016లో స్థూలకాయుల శుక్రకణములందలి మిథైల్ గుర్తులు సన్ననివారి గుర్తులకంటె భిన్నముగా ఉన్నవని చూపిరి. బరువు తగ్గుటకు శస్త్రచికిత్స చేయించుకొనిన ఆరుగురిని పరిశీలింపగా సంవత్సరము తిరుగునప్పటికి వారి గుర్తులు మారియుండెను. గుర్తులు శిలాక్షరములు కావని దీనివలన తెలియుచున్నది.

వృషణములు శరీరమునకు వెలుపల సంచిలో ఉండుటకు కారణము కలదు. శరీరపు వేడికంటె రెండు మొదలు నాలుగు డిగ్రీలు తక్కువ వేడిలోనే శుక్రకణములు చక్కగా తయారగును. ఇటుక బట్టీలయొద్దను, కొలుములయొద్దను గంటల తరబడి పనిచేయువారు మధ్యమధ్య చల్లనిచోట విశ్రమించుట మంచిది. చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా, ఖైనీ మున్నగు రూపములలో పొగాకును, మితిమీరిన మద్యమును విడువవలెను. కండలు పెరుగునని వ్యాయామశాలలలో కొందరు యువకులు పురుష హార్మోను ఇంజెక్షనులు చేయించుకొనుచున్నారు. బయటినుండి ఆ హార్మోను వచ్చినచో వృషణములు తమ పనిని తగ్గించును. శుక్రకణములు బొత్తిగా నశింపవచ్చును. పురుషత్వము పెంచునని తలచి సంతాన సామర్థ్యమును పోగొట్టుకొనుట ఇదియే.

పురుగుమందుల సంగతి వ్యవసాయదారులు ప్రత్యేకముగా ఆలకింపవలెను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున లాత్రోప్ అను ఊరిలో, వేళ్ళను తొలచు నులిపురుగులను చంపు డి.బి.సి.పి. అను మందును తయారుచేయు కర్మాగారము ఉండెను. తమకెవ్వరికిని పిల్లలు కలుగుటలేదని అచ్చటి కార్మికులు తమలోతాము చెప్పుకొనుచుండిరి. 1977లో పరీక్షింపగా వారిలో పెక్కుమంది వీర్యమున శుక్రకణములు మిక్కిలి తక్కువగానో, అసలే లేకయో కనబడెను. మందుకు దూరమైన పిమ్మట కొందరు కోలుకొనిరి, కొందరు కోలుకొనలేదు. 1979లో ఆ దేశమున దాని వాడుకను చాలవరకు నిషేధించిరి. 2005లో వాషింగ్టన్ రాష్ట్ర శాస్త్రజ్ఞులు విన్‌క్లోజొలిన్ అను శిలీంధ్రనాశినిని చూలు ఎలుకలకు ఎక్కించి, నాలుగు తరములవరకు మగ ఎలుకల శుక్రకణములు తగ్గినట్లును, మిథైల్ గుర్తులు మారినట్లును ప్రకటించిరి. ఆ మోతాదు చాల హెచ్చు. ఇతరులు చేసిన ప్రయోగములలో అదే ఫలితము రాకపోవుటయు కలదు. ఆ ఎలుకల కథ మనుష్యులకు అట్లే వర్తించునని చెప్పజాలము. అయినను గాలికి ఎదురుగా మందు చల్లకుండుట, చేతితో కలుపకుండుట, ముక్కునకు గుడ్డయు చేతికి తొడుగును వాడుట, పని ముగిసినవెంటనే స్నానముచేసి బట్టలు మార్చుట, చూలాండ్రను ఆ చుట్టుప్రక్కలకు రానీయకుండుట మనకు చేతనైన పనులు. వీనికి ఖర్చు స్వల్పము, మేలు అధికము.

ఏమి చేయవలెను?

మొదటిది: సంవత్సరము గడచినను గర్భము నిలువనిచో భార్యాభర్తలిరువురును కలసి వైద్యుని చూడవలెను. భార్యకు 35 సంవత్సరములు దాటినచో ఆరు మాసములకే చూడవలెను. పరీక్షలలో మొదటిదిగా వీర్య పరీక్షను చేయించుట మేలు. అది నొప్పిలేనిది, స్త్రీకి చేయు పెక్కు పరీక్షలకంటె సులభమైనది, ఖర్చు తక్కువైనది. పరీక్షకు ముందు రెండు మొదలు ఏడు దినములు బ్రహ్మచర్యము పాటింపవలెను. నమూనా గంటలోపల ప్రయోగశాలకు చేరవలెను.

రెండవది: మగబిడ్డ పుట్టినపుడు రెండు వృషణములును సంచిలోనికి దిగినవా లేదా అని తల్లులు చూడవలెను. ఆరు మాసములు నిండినను దిగనిచో శస్త్రచికిత్స వైద్యునికి చూపవలెను. ఏడాది, ఏడాదిన్నరలోపల శస్త్రచికిత్స జరుగవలెను. పెద్దవాడైన తరువాత చూతములెమ్మని ఊరకున్నచో ఆ బిడ్డ సంతాన సామర్థ్యము దెబ్బతినవచ్చును. యుక్తవయస్సులో గవదబిళ్ళలు వచ్చి వృషణములు వాచినచో వెంటనే వైద్యము చేయింపవలెను.

మూడవది: బలము కలిగించునను చూర్ణములకు, గుళికలకు ధనము వెచ్చింపకుడు. మిథైల్ గుర్తుల తయారీకి ఫోలిక్ ఆమ్లము అవసరమగుటచే, దానిని జింకుతో కలిపి పురుషులకిచ్చినచో మేలు కలుగునని ఒకప్పుడు ఆశించిరి. అమెరికాలో 2,370 జంటలపై జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనలో, ఆ గుళికలు వాడినవారికిని వాడనివారికిని సంతానప్రాప్తిలో భేదము కనబడలేదు. పరీక్షించిన గుళిక గతియే యిట్లుండగా, పరీక్షింపని పొట్లముల సంగతి మీరే ఊహింపుడు.

నాల్గవది: శుక్రకణములు మిక్కిలి తక్కువైనవారికిని మార్గము లేకపోలేదు. ఒక్క శుక్రకణమును సన్నని సూదితో అండములో ప్రవేశపెట్టు పద్ధతి 1992లో బ్రస్సెల్స్ నగరమున సఫలమైనది. వీర్యమున కణములు కనబడనివారిలో కొందరికి వృషణమునుండియే వానిని తీయగలుగుచున్నారు. ఇది ఖర్చుతో కూడినది, ప్రతిసారియు ఫలించునది కాదు. కావున 2021 చట్టము క్రింద నమోదైన కేంద్రమునకే పోవలెను. ఖర్చును, ఫలించు అవకాశమును ముందుగా వ్రాతమూలకముగా అడుగవలెను.

చివరిగా పెద్దలకొక విన్నపము. సంతానము లేదను నెపముతో కుమారునికి రెండవ పెండ్లి తలపెట్టువారు ఇంకను కలరు. భార్య జీవించియుండగా మరియొక వివాహము చేసికొనుట 1955 నాటి హిందూ వివాహ చట్టము ననుసరించి చెల్లదు, నేరము కూడ. చట్టము మాట అటుంచి, లోపము కుమారునియందే యున్నచో రెండవ యింటను ఊయల ఊగదు. నిందపడు స్త్రీలు మాత్రము ఇద్దరగుదురు. అంతకు పూర్వమే ఒక్క దినము అతనిని ఆసుపత్రికి పంపినచో ఒక సంసారము నిలుచును.

లోపము ఎవరియందున్నను అది నేరము కాదు, రోగము వంటిది. దానికి నింద మందు కాదు. కంటికి కానరాని ఒక మిథైల్ గుర్తు తప్పిపోయినందుకు కోడలిని కన్నీరు పెట్టించుట ఏ న్యాయమునకును సరిపడదు. భర్తలు ముందుగా తమ పరీక్షను చేయించుకొనుటకు ముందడుగు వేసిన నాడు, ఎన్నో ఇండ్లలో సగము దుఃఖము ఆ దినముననే తీరును. మిగిలిన సగమునకు వైద్యుల సహాయమును ఇరువురును కలసి పొందవచ్చును.